ముందు వరుస

ఏ ముందు వరుస గట్టిదని
పెరంబూరు టీ బంకు దగ్గర ఇప్పటికీ తగువే.
వర్క్‌షాపు ముగ్గురా, బ్యాంకు ముగ్గురా.
చివరికి నా వైపు తిరుగుతారు.
స్కోరు బల్ల దగ్గర ఇరవై రెండేళ్ళు కూర్చున్నదాన్ని,
లెక్క నా దగ్గరుంటుందని.

ఉంది.
ట్రంకుపెట్టెలో, నీలం కార్బను కాపీల్లో,
కర్పూరం బిళ్ళల వాసనతో.

వర్క్‌షాపుకి నడుమ ఓబులేసు.
ఆరడుగుల ఏడంగుళాలు.
బస్సులో వంచిన మెడ
దిగి సందు మలుపు దాటేదాకా వంగే ఉండేది.
పగలు రైలుపెట్టెల కింద బోల్టులు బిగించినట్టు
రిజిస్టరులో సంతకం మాత్రమే,
అసలు డ్యూటీ సాయంత్రం, బోర్డు కింద.
రింగుకి తగిలిన బంతి
ఆయన చేతికి చెప్పే పైకి లేచినట్టుండేది.
పక్కన రాయప్ప. మోచేతులున్న మనిషి,
ఇంతకంటే మర్యాదగా చెప్పలేను.
ఐదు ఫౌళ్ళనీ నెల జీతంలా
పదో తారీఖుకే ఖర్చు పెట్టేసేవాడు.
మూలన తిలకన్.
షూ లేసు ఎప్పుడూ ఊడే ఉండేది,
బంతి మాత్రం వేళ్ళ చివరి నుంచి
దండెం మీద తడిపంచె వాలినంత మెత్తగా వెళ్ళేది.

బ్యాంకు వాళ్ళది వేరే మట్టి.
జోథాము ఎత్తులో ఓబులేసుకి మూడంగుళాలు తక్కువ,
నడుములో ఆ మూడూ ఎక్కువ.
వీపు ఆనించి, బీరువా జరిపినట్టు
ఒక్కో అడుగే వెనక్కి జరిపేవాడు,
అంత ఓబులేసూ గీత బయట తేలేవాడు.
నరహరి, షరీఫు
ఒకరి ఊపిరికి ఒకరు కదిలేవాళ్ళు,
కోర్టు దిగితే పలకరింపు లేదు.
కారణం నాకు తెలుసు. చెప్పను.

పాయింట్ల సగటులో బ్యాంకు.
రిబౌండ్లలో వర్క్‌షాపు.
ఎదురెదురుగా ముప్ఫై ఒక్క ఆట,
పదహారు, పదిహేను.
పదహారు ఎవరివో చెప్పానంటే
ఆవేళ టీ డబ్బులు నేనే ఇచ్చుకోవాలి.

అయినా నా కాగితంలో గడులెన్నని!
అడ్డం నిలబడి దెబ్బ కాసినవాడికి గడి లేదు.
రాయప్ప ఛాతీ అడ్డుపెట్టి దారి తీస్తే
తిలకన్ పేరు కింద రెండు వేశాను,
రాయప్ప పేరు కింద ఫౌలు.
అలా ఏడేళ్ళు.

మొన్న ఐప్పసి వానల్లో రెఫరీ దేవసహాయం పోయారు.
ఈ ఆరుగురి చేతా సమానంగా తిట్లు తిన్న మనిషి.
కీల్పాక్ సమాధుల గేటు దగ్గర
బండి బురదలో దిగబడింది.
ఎవరూ పిలవలేదు.
ఇటు ముగ్గురొచ్చారు, అటు ముగ్గురు,
పాత అలవాటు, కలిసి నిలబడలేదు.
మోకాలు మార్పించుకున్న జోథాము,
చెవుల్లో మిషన్లతో షరీఫు,
పెట్టెకి భుజం ఇచ్చారు.

ఓబులేసు వైపు లేచింది.
జోథాము వైపు ఒరిగింది.
లోపల ఆయన కొంచెం జరిగిన చప్పుడు
నాకు వినబడింది.

అప్పుడు ఓబులేసు మోకాళ్ళు వంచాడు,
బోర్డు కింద ఎన్నడూ వంచనంత.
రాయప్ప మోచేయి పెట్టె అడుగుకి పోయి
ఆప్‌లా నిలబడింది.
“ఆగు” అన్నాడు నరహరి,
షరీఫుతో, ముప్ఫై నాలుగేళ్ళకి.
షరీఫు ఆగాడు.
తిలకన్ కాలికింద లేసు నలుగుతోంది,
ఆరుగురి చేతులూ ఖాళీగా లేవు.
గొడుగు పక్కన పడేసి
నేనే వంగి కట్టాను, రెండు ముళ్ళు.

తర్వాత నలభై అడుగుల దూరం.
పెట్టె మీద గ్లాసుడు నీళ్ళు పెట్టినా
తొణికేవి కావు.

ఆదివారం టీ బంకు దగ్గర
మళ్ళీ అదే తగువు, మళ్ళీ నా వైపు మొహాలు.
చెప్పమ్మా, ఏది గట్టి?

చక్కెర తక్కువైంది, అన్నాను.